ఆ గది డబ్బు మనం ఎప్పుడో కట్టేశాం

2023 జూలై ఆఖర్లో మా వైపు వానలు ఎలా కురిశాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వానల్లోనే మా ఎదురింటి మేడమీద అద్దెకుండే అమ్మాయి వాళ్ల అత్తగారు ఆసుపత్రిలో పోయారు. పెద్దావిడ. ఏడాదిగా మా వీధిలోనే ఉంది. మా చిన్నవాడు స్కూలు బస్సు దిగి నేను ఇంట్లో లేకపోతే ఆవిడ దగ్గరే కూర్చునేవాడు.

ఆసుపత్రి నుంచి శవాన్ని తీసుకొస్తుంటే ఇంటావిడ గేటు దగ్గర నిలబడింది. "మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ శవం లోపలికొస్తే ఆ పోర్షన్లోకి ఇంకెవరూ అద్దెకు రారు. మేమూ శాంతులవీ చేయించుకోవాలి" అంది. ఎవరం ఏమీ అనలేకపోయాం. రోడ్డు మీదే షామియానా వేశారు. పైనుంచి చినుకులు, కింద నీళ్లు. ఐస్ బాక్సు వైరు ఆ నీళ్లలోంచి లాగితే షాకు కొడుతుందని ఇటుకలు పేర్చి వాటిమీదుగా తీశారు. కోడలు రాత్రంతా గొడుగు పట్టుకుని నిలబడింది. కూర్చోవడానికి చోటేదీ?

మర్నాడు వీధిలో అందరం ఇంటావిడనే తిట్టుకున్నాం. నేనూ తిట్టాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, తప్పు ఆవిడ ఒక్కతిదేనా అనిపించింది. రెండు వందల ఇళ్లున్న కాలనీ మాది. నలుగురు చేరి కూర్చోడానికి నాలుగు గోడలు లేవు. అంగన్‌వాడీ ఒక అద్దె గదిలో నడుస్తుంది. పొదుపు సంఘం మీటింగు గుడి మెట్ల మీద. కళ్ల డాక్టరు శిబిరం పెడితే వేపచెట్టు కింద. పెళ్లికైతే ఫంక్షన్ హాలు ఉంది, అదీ లక్షలున్నవాళ్లకి. చావుకి, చిన్నపిల్లలకి, ముసలివాళ్లకి ఏ హాలూ లేదు.

'అది ప్రభుత్వం కట్టాలి కదా, మనమేం చేస్తాం' అనుకుని ఊరుకున్నాను. అలా అనుకోవడం ఎంత పొరపాటో ఆ తర్వాత రెండు నెలలకి, ఏడువేల కిలోమీటర్ల అవతల తెలిసింది.

లారీల మీద వచ్చిన హాలు

ఆ సెప్టెంబరులో మా అక్కకి ఆపరేషన్ అయింది. సాయానికి ఇంగ్లాండు వెళ్లాను. పిల్లల్ని మావారికీ మా అత్తగారికీ అప్పజెప్పి రెండు నెలలు ఉన్నాను. అక్క వాళ్లది రెడింగ్ పట్టణానికి అరగంట దూరంలో ఒక పల్లె. పల్లె అంటే మన పల్లె కాదనుకోండి. పాతవి ఓ మూడొందల ఇళ్లు, వాటిని ఆనుకుని కొత్తగా కట్టిన కాలనీ. ఆ కాలనీలో మన తెలుగువాళ్లవే పది పన్నెండు కుటుంబాలు.

బతుకమ్మ అక్కడా ఆడారు. తంగేడు లేదు, గునుగు లేదు. చేమంతులు, బంతులు, డేలియాలతోనే పేర్చారు. వాకిట్లో ఆడదామంటే చలి, పైగా వాన. "హాలు బుక్ చేశాంలే, పద" అంది అక్క.

కొత్త కాలనీకీ పాత ఊరికీ మధ్య, ఆటస్థలం పక్కన ఉంది హాలు. పొడుగ్గా, ఒకటే అంతస్తు. బయట చెక్క పలకలు, చక్రాల కుర్చీ ఎక్కేలా ఏటవాలు దారి. లోపల వంటగది, రెండు బాత్‌రూములు, వందమంది పట్టే గది. బడి కాబోలు అనుకున్నాను. "ఇది ఇక్కడ కట్టింది కాదే. ఫ్యాక్టరీలో ముక్కలుగా చేసి లారీల మీద తెచ్చారు. క్రేనుతో దింపుతుంటే పిల్లలంతా చప్పట్లు కొట్టారు" అంది అక్క నవ్వుతూ.

గుమ్మం దగ్గర బోర్డు మీద వారం పట్టీ ఉంది. సోమవారం పొద్దున తల్లులూ పసిపిల్లలూ. మంగళవారం యోగా. బుధవారం పెద్దవాళ్ల భోజనం. శుక్రవారం మహిళా మండలి. శనివారం మధ్యాహ్నం రెండింటికి ఎవరిదో పేరు, దాని పక్కన 'అంత్యక్రియల తరువాత టీ'. అక్కడివాళ్లకి అది ఆచారమట. శ్మశానం నుంచి నేరుగా వచ్చి, అందరూ కూర్చుని టీ తాగుతూ పోయినవాళ్ల గురించి మాట్లాడుకుని వెళ్తారు. హాలు అద్దె గంటకింత అని ఉంటుంది. ఇంటి ఓనరు ఎవరైనా, ఎవరి కులం ఏదైనా అదే అద్దె.

ఆ బోర్డు ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మా వీధి షామియానా, ఇటుకల మీద వైరు, గొడుగు పట్టుకున్న ఆ అమ్మాయి కళ్లముందు కదిలారు.

ఫ్రిజ్‌తో వచ్చిన ఇల్లు

అక్క వాళ్ల పక్కింట్లో ఓ పెద్దావిడ ఉంటుంది. ఎనభై దాటాయి. రోజూ సాయంత్రం అక్కని చూడ్డానికి వచ్చేది. ఆ హాలు గురించి మాటొస్తే, "నేను పెరిగిందే అలాంటి ఇంట్లో" అంది.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకి ఇళ్లు కూలిపోయి జనం దిక్కులేకుండా పోతే, అక్కడి ప్రభుత్వం 1944లో చట్టం చేసి, 1945 నుంచి 1949 లోపల లక్షా యాభై ఆరు వేల పైచిలుకు ప్రీఫ్యాబ్ ఇళ్లు వేయించింది. అందులో ఒక రకాన్ని యుద్ధవిమానాలు చేసిన కార్ఖానాల్లోనే అల్యూమినియంతో చేశారు. ఇల్లు నాలుగు ముక్కలుగా లారీల మీద వచ్చేది. పదేళ్లపాటు తలదాచుకోడానికని వేసినవి, చాలాచోట్ల అరవై డెబ్భై ఏళ్లు నిలిచాయి. లండన్లో క్యాట్‌ఫర్డ్ అనేచోట అలాంటివి నూట ఎనభైకి పైగా ఉన్న కాలనీ ఒకటుండేది. దాంట్లో ఆరిళ్లని 2009లో చారిత్రక కట్టడాలుగా గుర్తించారు.

"మా అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడ్చిందట, సంతోషంతో" అంది పెద్దావిడ. ఎందుకో తెలుసా? ఆ ఇళ్లలో లోపలే స్నానాలగది, వేణ్ణీళ్లు, గోడకి బిగించిన అల్మారాలున్న వంటిల్లు, ఫ్రిజ్ ఉండేవి. అప్పటికి అక్కడ చాలా ఇళ్లలో మరుగుదొడ్డి పెరట్లోనే. రేకుల ఇల్లంటే చులకనగా చూసే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. గోడ దేనితో చేశారన్నదానికంటే లోపల ఏముందన్నదే ఆడదానికి ముఖ్యం.

డబ్బెక్కడిది?

నా అసలు ప్రశ్న అది. "ప్రభుత్వం ఇచ్చిందా? చందాలు వేసుకున్నారా?" అని అడిగాను అక్కని.

"చందాలూ ఉన్నాయి, కుర్చీలకీ గిన్నెలకీ. హాలుకి మాత్రం ఆ కొత్త ఇళ్లు కట్టినవాళ్లు కట్టిన డబ్బే" అంది. అక్కకి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం అలవాటు. నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

ఇంగ్లాండులో ఎవరైనా ఓ వంద ఇళ్లు కొత్తగా కడితే, ఆ వంద కుటుంబాల వల్ల ఊరి రోడ్లమీద, బడి మీద, ఆసుపత్రి మీద, ఆటస్థలం మీద భారం పడుతుంది. కట్టి అమ్ముకునేవాడికి లాభం, భారం ఊరికి. కనుక కట్టేవాడి దగ్గర ఊరికోసం కొంత రాబట్టుకునే వీలు చట్టంలో ఉంది. అందులో రెండు దారులున్నాయి. ఒకటి, 1990 నాటి ప్రణాళికా చట్టంలోని 106వ సెక్షను ప్రకారం కౌన్సిలు బిల్డరుతో రాయించుకునే ఒప్పందం. ఇంత డబ్బు ఇస్తాను, దాంతో ఫలానాది చెయ్యాలి అని అందులో ఉంటుంది. ఆ పని ఈ ఇళ్లకి నేరుగా సంబంధించిందై ఉండాలి. ఎక్కడో ఊరవతల విగ్రహం పెడతామంటే కుదరదు.

రెండోది 2010లో మొదలైన లెవీ. దాన్ని పెట్టుకోవాలా వద్దా అన్నది ఆయా కౌన్సిళ్ల ఇష్టం. పెట్టుకుంటే, కొత్తగా కట్టే ప్రతి చదరపు మీటరుకీ ఇంత అని రేటు ముందే ప్రకటిస్తారు. ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుంటేనూ, పేదల కోసం కట్టే ఇళ్లకీ మినహాయింపులున్నాయి.

ఇక్కడే మనం నేర్చుకోవాల్సిందుంది. ఈ లెవీ అంతా పెద్ద కౌన్సిలే మింగెయ్యడానికి లేదు. ఇల్లు లేచిన ఊరి పంచాయతీకి, అంటే వాళ్ల పారిష్ కౌన్సిలుకి, అందులో 15 శాతం ఇవ్వాలి. దానికి ఏడాదికి ఇంతకు మించకూడదని పరిమితి కూడా ఉంది. ఆ ఊరివాళ్లు తమ ఊరు ఎలా పెరగాలో తామే ప్రణాళిక రాసుకుని, ఓటింగులో సగానికి పైగా ఒప్పించుకుంటే ఆ వాటా 25 శాతమవుతుంది. పరిమితీ ఉండదు. ఈ హక్కు 2011 నాటి స్థానికపాలన చట్టంతో వచ్చింది.

లెక్క చూడండి. చదరపు మీటరుకి వంద పౌండ్లు రేటు అనుకుందాం. తొంభై మీటర్ల ఇల్లయితే తొమ్మిది వేలు. వంద ఇళ్లకి తొమ్మిది లక్షల పౌండ్లు. అందులో 15 శాతమంటే లక్షా ముప్ఫై అయిదు వేలు. 25 శాతమంటే రెండు లక్షల ఇరవై అయిదు వేలు. తొంభైవేల పౌండ్ల తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఊరివాళ్లు కూర్చుని కాగితం రాసుకోవడం వల్ల!

అక్క వాళ్ల ఊళ్లో ఆ కాగితం పని ఎక్కువ చేసింది ఆడవాళ్లే. పసిపిల్లల్ని తీసుకుని పాత హాలుకి వెళ్లే తల్లులు. ఆ పాత హాలు చెక్కది, పైకప్పు కారేది, తోపుడుబండిలో పిల్లని పెట్టుకుని మెట్లెక్కలేకపోయేవాళ్లు. వాళ్లు వారానికి ఎన్ని గంటలు ఎవరెవరు హాలు వాడుతున్నారో, చోటు లేక ఎంతమంది వెనక్కి పోతున్నారో ఒక నోటుపుస్తకంలో ఏడాదిపాటు రాశారట. పారిష్ మీటింగులో ఆ పుస్తకం ముందు పెట్టేసరికి ఎవరూ కాదనలేకపోయారు. అక్క కూడా వాళ్లలో ఒకతి. "మనకి ఇంగ్లీషు వాళ్లలా మాట్లాడ్డం రాదని మొదట భయపడ్డాను. లెక్కలు చదవడానికి ఉచ్చారణతో పనేముంది?" అంది.

ఇంకొకటి కూడా చెప్పింది. డబ్బు వచ్చి కూర్చుంటే చాలదు, దానికి గడువుంటుంది. పారిష్‌కి వచ్చిన లెవీ వాటా అయిదేళ్లలో ఖర్చు పెట్టకపోతే కౌన్సిలు వెనక్కి అడగొచ్చు. ఒప్పందం డబ్బైతే, గడువు దాటాక కట్టినవాడికే తిరిగి ఇచ్చెయ్యాలని చాలా ఒప్పందాల్లో షరతు రాసుంటుంది. అడిగేవాళ్లు లేక అలా వెనక్కి పోయిన డబ్బులూ ఉన్నాయి. అందుకే లెక్క చూడటం నేర్చుకున్నారు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని ప్రతి కౌన్సిలూ ఏటా డిసెంబరు 31 లోగా ప్రకటించి తీరాలన్న నిబంధన 2020 నుంచి అమల్లో ఉంది.

దింపితే అయిపోలేదు

ఫ్యాక్టరీ హాలు అనగానే మంత్రం వేసినట్టు అయిపోతుందనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. బావగారు ఇంజనీరు కదా, ఆయన నా ఉత్సాహం మీద నీళ్లు చల్లారు.

లాభం ఏమిటంటే, ఇక్కడ పునాది వేస్తుండగానే అక్కడ గదులు తయారవుతుంటాయి. అందుకే సమయం కలిసొస్తుంది. వానలకి పని ఆగదు. ముందే ధర తెలుస్తుంది కనుక, చేతిలో ఉన్న డబ్బుకి సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. తర్వాత ఇంకో గది కలుపుకోవచ్చు. అవసరం తీరితే విప్పి మరోచోటికి తీసుకుపోవచ్చు.

ఫ్యాక్టరీవాడు చెప్పే ధరలో చాలావరకు గది మాత్రమే ఉంటుంది. పునాది, కరెంటు, నీళ్ల కనెక్షను, మురుగు గొట్టం, అనుమతుల ఫీజులు, క్రేను తిరిగే దారి, ఇవన్నీ వేరు. అక్క వాళ్ల హాలు దింపే రోజున కరెంటు తీగ అడ్డం వచ్చిందట. పోనీ అవన్నీ అయ్యాయి. ఊడ్చేదెవరు? కరెంటు బిల్లు కట్టేదెవరు? లెవీ డబ్బు కట్టడానికి సరిపోయినా ఏళ్ల తరబడి నడపడానికి చాలదు. వాళ్లు ఒక కమిటీ వేసుకుని, గంటల అద్దెతో నడుపుతున్నారు. పెళ్లిరోజు పార్టీలు చేసుకునేవాళ్ల దగ్గర ఎక్కువ, పసిపిల్లల తల్లుల దగ్గర తక్కువ తీసుకుంటారు.

మన ఎండలకి ఇంకో జాగ్రత్త. ఒంటి రేకు గది మే నెలలో పొయ్యి మీది పెనమే. రెండు రేకుల మధ్య నురుగు దట్టించిన పలకలు దొరుకుతాయి. అవి నయం. దానిపైన మళ్లీ నీడకప్పు, ఎదురెదురు కిటికీలు, ముందు వెడల్పాటి వరండా ఉంటే తప్ప పిల్లల్ని కూర్చోబెట్టలేం.

మనకీ ఉందా పద్దు?

తిరిగొచ్చేశాను. ఇల్లు, వంట, పరీక్షలు, జ్వరాలు. హాలు సంగతి వెనక్కిపోయింది. మళ్లీ గుర్తుకొచ్చింది 2025 మార్చిలో.

మా కాలనీ అనుమతి లేని పాత లేఅవుట్. ప్లాట్లు అమ్మినప్పుడు రంగుల కాగితంలో మధ్యలో పచ్చగా 'పార్కు' అని చూపించాడు. తర్వాత ఆ పచ్చటి ముక్కని కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నాడు. ఇప్పుడక్కడ మూడు ఇళ్లున్నాయి. ఇలాంటి లేఅవుట్లని క్రమబద్ధం చేస్తామని తెలంగాణ ప్రభుత్వం 2020 ఆగస్టు 31న జి.ఓ. ఇచ్చింది. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోమంది. రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులో మాదీ ఒకటి. నాలుగేళ్లకి పైగా నానింతర్వాత 2025లో, గడువులోగా కడితే 25 శాతం రాయితీ అన్నారు. వీధంతా పరుగులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పథకమే 2020లో వచ్చింది కనుక అటువైపు అక్కచెల్లెళ్లకీ ఈ పరుగు కొత్త కాదు.

మావారు కట్టిన రసీదు బీరువాలో పెట్టబోతూ చదివాను. క్రమబద్ధీకరణ రుసుము ఒకటి. దాని కింద, 'ఓపెన్ స్పేస్ చార్జీలు'. అదేమిటండీ అని అడిగితే, "ఏదో ఒకటి. కట్టమన్నారు, కట్టాం" అన్నారాయన.

ఏదో ఒకటి కాదు! లేఅవుట్ వేసేవాడు మొత్తం స్థలంలో పదోవంతు, పార్కుకీ పదిమందికీ పనికొచ్చే అవసరాలకీ వదిలి, మునిసిపాలిటీకో పంచాయతీకో రాసివ్వాలి. మా వాడు వదల్లేదు. వదలని చోట, ఆ పాపానికి పరిహారంగా ప్లాటు విలువలో 14 శాతం మనచేత కట్టిస్తారు. ప్లాటు రిజిస్టరైన నాటి విలువ నాలుగు లక్షలనుకోండి, 56 వేలు. రాయితీ పోగా 42 వేలు. అలాంటి ప్లాట్లు వందుంటే 42 లక్షలు! పార్కు మింగినవాడు హాయిగా ఉన్నాడు, దాని ఖరీదు మనం కట్టాం. పోనీ కట్టాం. ఇలా వసూలైన డబ్బుని విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతంలో సదుపాయాలకే వాడాలని ఆ నిబంధనల్లోనే ఉంది.

అంటే అక్క వాళ్ల ఊరి లెవీయే ఇది. పేరు వేరంతే. అక్కడ ఆ డబ్బు ఎంతో, ఎక్కడుందో, ఎప్పటిలోగా ఖర్చు పెట్టాలో ఊళ్లో తల్లులకి తెలుసు. ఇక్కడ రసీదు బీరువాలో చీరల కింద ఉంది.

మేము చేసిన పని, చేయబోయిన తప్పు

ఆ సాయంత్రం గుడి మెట్ల మీద పొదుపు సంఘంలో ఈ మాట ఎత్తాను. ఎనిమిదిమందిమి ఇళ్లకెళ్లి రసీదులు తెచ్చుకున్నాం. ఎదురింటి మేడమీది అమ్మాయి కూడా వచ్చింది. తనకి ప్లాటు లేదు, రసీదు లేదు. "అయినా రాయడానికి నేనున్నా కదక్కా" అంది. సమాచారహక్కు చట్టం 2005లో వచ్చింది కదా, ఆ దరఖాస్తు ఆ అమ్మాయి చేతిరాతే. పది రూపాయల ఫీజు. మా కాలనీ నుంచి ఓపెన్ స్పేస్ చార్జీల కింద ఎంత వసూలైంది, ఏ ఖాతాలో ఉంది, దాంతో మా ప్రాంతంలో ఏం చేశారు, ఏం చేయబోతున్నారు? నాలుగే ప్రశ్నలు.

ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ముప్ఫై నాలుగో రోజున వచ్చింది. వసూలైన మొత్తం చెప్పారు. ఖర్చు దగ్గర 'పనులేవీ మంజూరు కాలేదు' అని ఒక్క వాక్యం. కోపం వచ్చింది కానీ, సంతోషం కూడా వేసింది. ఖర్చు కాలేదంటే ఉన్నట్టే కదా!

ఇక ఆగలేక, పక్క వెంచర్లో మునిసిపాలిటీ పార్కు ఖాళీగా ఉంది, అందులో ఒక ప్రీఫ్యాబ్ గది వేయించమని అర్జీ రాసేశాం. సంతకాలు పెడుతుంటే మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఇంజనీరు బాబాయిగారు చదివి, "అమ్మాయిలూ, పార్కులో వద్దు" అన్నారు. బెంగుళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోముకి కేటాయిస్తే, అక్కడి కాలనీవాళ్లు కోర్టుకెక్కారట. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. పార్కు స్థలం పార్కుగానే ఉండాలంది. "ఇవాళ మంచికోసమని మీరు ఒక గది వేస్తే, రేపు ఇంకొకడు అదే దారిలో షాపులు వేస్తాడు. మీ పార్కు పోయిందని ఏడ్చి, ఇంకొకళ్ల పార్కు తీసుకుంటారా?" అన్నారు. సిగ్గేసింది. ఆ కాగితం చింపేశాం.

ఇప్పుడు నీళ్లట్యాంకు పక్కనున్న మునిసిపాలిటీ ఖాళీ స్థలం అడుగుతున్నాం. అది పార్కు కాదని రికార్డు చూసుకున్నాకే అడిగాం. అర్జీతోబాటు అక్క వాళ్ల ఊరి తల్లుల్లాగే ఒక నోటుపుస్తకం జతచేశాం. అంగన్‌వాడీ పిల్లలెందరు, దాని అద్దె ఎంత, సంఘాలెన్ని, ముసలివాళ్లెందరు, అద్దె ఇళ్లెన్ని. ఆఖరి పేజీలో, గత రెండేళ్లలో మా వీధుల్లో రోడ్డు మీద షామియానా కింద ఉంచాల్సి వచ్చిన శవాలెన్ని అన్నది కూడా రాశాం. ఏడు. ఆ అంకె రాస్తున్నప్పుడు ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. తర్వాత రాసింది.

కమిషనర్‌గారు చదివారు. "పక్కా భవనమంటే ఎస్టిమేట్లు, టెండర్లు, ఏళ్లు పడుతుంది" అన్నారు. "పక్కాది తర్వాత కట్టండి సార్, ముందు తెచ్చిపెట్టేది పెట్టండి. పలకల గది, వరండా, రెండు బాత్‌రూములు. రేపు కావాలంటే విప్పి ఇంకో కాలనీకి ఇవ్వొచ్చు" అన్నాం. ఆయన ఫైలు మీద ఏదో రాసి పంపారు. అది ఇంకా తిరుగుతోంది. మేమూ నెలకోసారి దాని వెంట తిరుగుతున్నాం.

మీరేం చేయొచ్చు?

ముందు బీరువా తెరవండి. ఇంటి అనుమతి కాగితం, లేఅవుట్ రసీదు తీసి, బెటర్‌మెంట్ చార్జీలు, డెవలప్‌మెంట్ చార్జీలు, ఓపెన్ స్పేస్ చార్జీలు అనే పేర్లకింద ఎంత కట్టారో ఒక కాగితం మీద రాసుకోండి. ఫ్లాట్ కొన్నవాళ్లయితే, బిల్డరు కట్టి మీ ధరలో కలిపేసి ఉంటాడు.

అనుమతి ఉన్న లేఅవుట్ అయితే ఆమోదించిన నక్షా నకలు అడగండి. పదోవంతు స్థలం ఎక్కడుందో చూసి, అక్కడికి నడిచి వెళ్లండి. మునిసిపాలిటీ పేర రిజిస్టరయిందో లేదో కనుక్కోండి. కొత్త లేఅవుట్లలో రోడ్లు, కాలవలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు మునిసిపాలిటీకి తనఖా ఉంటాయి. పనులు కాకుండా అవి విడిపించుకుపోతుంటే అడిగే హక్కు మనకుంది.

గది అడిగేముందు అవసరం లెక్క రాయండి. 'హాలు కావాలి' అంటే ఎవరూ వినరు. 'నలభైమంది పిల్లలు, వారానికి ఇన్ని గంటలు' అంటే వింటారు. ఊడ్చేదెవరో, బిల్లు కట్టేదెవరో, తాళం ఎవరి దగ్గరుండాలో మీరే ముందు తేల్చుకోండి. తాళం ఒకరింట్లో ఉంటే ఆ హాలు మెల్లిగా వాళ్లదైపోతుంది.

తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలుండాలి. ఒక్కోదాంట్లో పదిహేనుమంది. వాటిలో ఒకటి అచ్చంగా మహిళలదే. మీ వార్డులో ఆ పదిహేనుమంది ఎవరో అడగండి. మీకు తెలిసినవాళ్లెవరూ లేకపోతే, ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు ఇవ్వండి.

మొన్న మా వీధిలో ఇంకొకాయన పోయారు. ఈసారి ఎదురింటి ఇంటావిడే తన కింద వాటాలోని కార్ల షెడ్డు ఖాళీ చేయించి ఇచ్చింది. ఎవరూ అడగలేదు. "ఆ పుస్తకంలో మీరు రాసిన ఏడులో ఒకటి నా గుమ్మం ముందుదే కదమ్మా" అంది నాతో. ఇప్పుడు మా అర్జీ మీద ఆవిడ సంతకం కూడా ఉంది.

వచ్చే నెల మొదటి సోమవారం మేము మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాం. ఈసారి పద్నాలుగుమందిమి.